ఎనభై డిగ్రీల గదిలో మా బావ

మార్చిలో వారం రోజులు సెలవు పెట్టి ఎక్కడికి వెళ్ళావని మా హాస్పిటల్లో అందరూ అడిగారు. థండర్ బే వైపు అన్నాను. అక్కడేం చేశావన్నారు. చెమట పట్టించుకుని వచ్చానన్నాను. అందరూ క్యూబాకీ మెక్సికోకీ టికెట్లు కొనుక్కునే రోజుల్లో పద్నాలుగు వందల కిలోమీటర్లు మంచులో డ్రైవ్ చేసుకుంటూ పోయి, ఒక చెక్క గదిలో కూర్చుని చెమటలు కక్కి వచ్చినవాణ్ణి ఎలా చూడాలో అలాగే చూశారు. ఇప్పుడు ఈ కథంతా చదివాక మీరూ అలాగే చూడొచ్చు. కానీ వెళ్ళమనే చెప్తాను. ఎలా వెళ్ళకూడదో కూడా చెప్తాను, ఎందుకంటే మేం ముందు అలాగే వెళ్ళాం.

మార్కమ్: జేబులో కాగితం

మా బావ విజయరత్నం గారికి అరవై మూడేళ్ళు. మా కమలక్క మొగుడు, మార్కమ్‌లో ఉంటారు. ఇద్దరం నరసాపురం వాళ్ళమే. పోయిన ఏడాది ఆయన గుండెకి స్టెంట్ వేశారు. రోజూ బీపీ మాత్ర. మనిషి మాత్రం ఏమీ జరగనట్టే ఉంటాడు. చర్చిలో ఆరాధనకి అందరికంటే ముందు వెళ్ళి కుర్చీలు వేస్తాడు, అందరికంటే చివర బయటికొచ్చి తాళం వేస్తాడు.

పిలిచింది రైమో గారు. ఆయన అక్కావాళ్ళ పక్కింట్లో పన్నెండేళ్ళు ఉన్నారు. తల్లిదండ్రులు ఫిన్లండ్ నుంచి వలస వచ్చినవాళ్ళు. కాగితం మిల్లులో పనిచేసి రిటైరై, కూతురి పిల్లల్ని చూసుకోవడానికి మార్కమ్ వచ్చారు. పిల్లలు ఎదిగారు, భార్య పోయింది. ఆయన మళ్ళీ సుపీరియర్ సరస్సు ఒడ్డునున్న తన ఇంటికి వెళ్ళిపోయారు. అప్పట్నించి ఏటా ఫోను చేసి "విజయ్, నా సౌనాలో కూర్చోకుండా కెనడాలో ఉన్నానని ఎలా చెప్పుకుంటావు?" అని దెప్పేవారు. సౌనా అంటే రాళ్ళు వేడిచేసి ఆవిరి పట్టించుకునే చెక్క గది. ఆయనకిప్పుడు డెబ్బై తొమ్మిది. ఇంకెన్నాళ్ళు వాయిదా వేస్తాం అని బావ బయల్దేరాడు. తోడు నన్ను పిలిచాడు.

అక్క వెళ్ళొద్దనలేదు. గుండె డాక్టరు దగ్గరికి తనే వెళ్ళి అడిగింది. వెళ్ళొచ్చు, కానీ ఒకసారికి పది నిమిషాలకి మించొద్దు, ముందూ వెనకా నీళ్ళు బాగా తాగాలి, ఖాళీ కడుపుతో కూర్చోవద్దు, వేడిలోంచి సరాసరి చన్నీళ్ళలో దూకొద్దు అన్నాడట. అక్క ఆ నాలుగూ కాగితం మీద రాసి మడిచి జేబులో పెట్టింది. ఆయన జేబులో కాదు, నా జేబులో.

"ఎలా తీసుకెళ్తున్నావో అలాగే తీసుకురా ప్రసాదూ. ఈయన మాట వినకు" అంది గరాజ్ ముందు నిలబడి.

"నేను నిన్న మొన్న పుట్టినవాణ్ణా కమలా?" అన్నాడు బావ.

"శ్రమల దినాలు కదా, ఉపవాసాలేమీ లేవుగా?" అని అడిగింది అక్క. ఈస్టరుకి ముందు నలభై రోజులూ మావాళ్ళకి శ్రమల దినాలు. బావ ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరింటిదాకా మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. స్టెంట్ పడ్డాక అక్క ఆ ఉపవాసాలు మాన్పించింది.

"మానేశాగా" అన్నాడు బావ, సీటు బెల్టు పెట్టుకుంటూ.

నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. నేను లండన్‌లో, అంటే మన ఒంటారియో లండన్‌లో, హాస్పిటల్లో రక్తం తీసే పని చేస్తాను. మా ఆవిడ సునంద పోయి నాలుగేళ్ళయింది. అప్పట్నించి నేను ప్రార్థన చేయలేదు. మార్కమ్ వచ్చినప్పుడు అక్కనీ బావనీ చర్చి దగ్గర దింపి, కార్లో కూర్చుని క్రికెట్ స్కోరు చూసుకుంటాను. బావ ఒక్కనాడూ లోపలికి రమ్మనలేదు. అలా అననందుకే ఆయనంటే నాకు గౌరవం.

సూ సెయింట్ మేరీ: తిన్నాం అండి

మొదటి రోజు ఏడు వందల కిలోమీటర్లు. సడ్‌బరీ దాకా మాటలతో గడిచింది, ఆ తర్వాత మంచు మా నోళ్ళు మూయించింది. దారిలో అక్క పెట్టిన పులిహోర మధ్యాహ్నమే ఖాళీ చేశాం. సాయంత్రానికి సూ సెయింట్ మేరీ చేరేసరికి ఇద్దరికీ కడుపులో కాకులు అరుస్తున్నాయి.

మోటెల్ కౌంటర్లో ఉన్నావిడ ముఖం మా మాటలు వినగానే వెలిగింది. వరంగల్ ఆవిడట, పేరు పద్మ. నలభై అయిదేళ్ళుంటాయి. భర్తా తనూ కలిసి ఆ మోటెల్ నడుపుతున్నారు.

"మార్చిల ఈ రోడ్డు మీద పోతున్నరా అంకుల్? మంచిగ నడుపుండ్రి. తిన్నరా?" అంది.

"తిన్నాం అండి" అన్నాం ఇద్దరం ఒక్క గొంతుతో.

ఎందుకన్నాం? మనవాళ్ళు ఎవరు అడిగినా ఆ మాటే వస్తుంది. ఎదుటివాళ్ళకి శ్రమ ఇవ్వకూడదని పుట్టుకతోనే నేర్చుకున్న అబద్ధం అది. ఆవిడా మనావిడే కాబట్టి నమ్మలేదు. అరగంటలో వేడి అన్నం, టమాటా పప్పు, వేయించిన మిరపకాయలు రెండు పళ్ళేల్లో పెట్టి గదికి తెచ్చింది. డబ్బులిస్తే కోప్పడింది. బావ రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. ఆ రోజు గురువారం.

చేపల కొట్టు దగ్గర

శుక్రవారం తెల్లవారుతూనే బయల్దేరాం. అక్కడ్నించి థండర్ బే వరకూ సరస్సు పక్కన వెళ్ళే ఆ రోడ్డు గురించి నేనెంత రాసినా తక్కువే. నరసాపురంలో సముద్రం చూసి పెరిగినవాణ్ణి, అయినా ఒక సరస్సు ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఒడ్డు దగ్గరంతా గడ్డకట్టిన తెలుపు, దాని అవతల ఉక్కు రంగు నీళ్ళు. ఎక్కడా మనిషి అలికిడి లేదు. వావా ఊళ్ళో ఇంటి కంటే ఎత్తైన బాతు బొమ్మ ఉంది, దాని ముందు ఫొటో దిగాం. బావ నవ్వాడు గానీ ఆ నవ్వులో ఎప్పటి జోరు లేదు.

ఆ ఊరు దాటాక రోడ్డు పక్కన ఒక చేపల కొట్టు. చేపని ఉప్పులో ఊరేసి, మేపుల్ కట్టెల పొగలో గంటల తరబడి ఉంచుతారట. కొట్టావిడ ట్రౌట్ చేప తోలు కొంచెం వొలిచి చూపించింది. లోపల బెల్లం పాకం రంగు. ఒక్కో చేప పద్దెనిమిది డాలర్లు. మన ఎండుచేపలైతే వాసన నాలుగు వీధుల అవతలికే కబురు పంపుతుంది, ఇది ముక్కు దగ్గర పెట్టుకుంటే తప్ప వాసన రాదు. ఆవిడ ఒక ముక్క తుంచి బావకిచ్చింది.

"వద్దమ్మా, కడుపు కొంచెం బరువుగా ఉంది" అన్నాడు బావ.

నేను ఆయన వంక చూశాను. గోదావరి ఒడ్డున పుట్టిన మనిషి, చేప వద్దంటున్నాడు. కారు దగ్గరికొచ్చి చూస్తే పొద్దున నింపిన నీళ్ళ సీసా నింపినట్టే ఉంది. ఆయన పెదాలు ఎండిపోయి ఉన్నాయి. శుక్రవారం. అప్పుడు అర్థమైంది నాకు. తెల్లవారుజామున గుక్కెడు నీళ్ళతో బీపీ మాత్ర వేసుకుని, ఆపైన కట్టేశాడు నోరు.

అడగొచ్చుగా అంటారు మీరు. మా ఇళ్ళల్లో ఉపవాసం ఉన్నవాణ్ణి ఉన్నావా అని అడగరు. ఉన్నవాడు చెప్పడు. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, మామూలుగా తిరుగుతాడు. అది వాడికీ దేవుడికీ మధ్య సంగతి. పైగా నేను చర్చి గుమ్మం తొక్కనివాణ్ణి. ఆయన భక్తి గురించి ఏ ముఖం పెట్టుకుని అడగను? రోజూ పొద్దున్నే వరసలో నిలబడ్డ ముక్కూ మొహం తెలియని వాళ్ళందరినీ "ఏమైనా తిన్నారా? ఫాస్టింగా?" అని అడగడమే నా ఉద్యోగం. పక్క సీట్లో కూర్చున్న సొంత బావని అడగలేకపోయాను. రెండు చేపలు కట్టించుకుని వెనక సీట్లో పెట్టాను. జేబులో కాగితం జేబులోనే ఉంది.

రైమో గారి పెరడు

థండర్ బేకి గంట ముందే రైమో గారి ఇల్లు. మేం వెళ్ళేసరికి నాలుగు కావస్తోంది. పెరట్లోంచి పొగ లేస్తోంది. ఒంటిగంటకే కట్టెలు అంటించారట. సౌనాకి తొందర పనికిరాదు అన్నారు.

ఆ చెక్క గది ఆయన నాన్న కట్టింది. ఇల్లు కట్టడానికి ముందు ఇదే కట్టి, మొదటి చలికాలం కుటుంబమంతా ఇందులోనే ఉన్నారట. రైమో గారు పుట్టింది కూడా ఇందులోనే. అప్పట్లో ఇంతకంటే శుభ్రమైన గది ఉండేది కాదు అన్నారు. ఆయన బూట్లు బయట విప్పి, గొంతు తగ్గించి లోపలికి అడుగుపెట్టిన తీరు చూస్తే నాకు మా ఊళ్ళో చర్చి మెట్ల దగ్గర చెప్పులు విడిచే పెద్దవాళ్ళు గుర్తొచ్చారు.

బయటి గదిలో బల్లలు, కొయ్య మేకులు, నీళ్ళ కూజా. లోపలి గదిలో రాళ్ళ పొయ్యి, మూడు మెట్లుగా చెక్క బల్లలు. మధ్య తలుపుకి గొళ్ళెం లేదు. నెడితే చాలు బయటికి తెరుచుకుంటుంది. "తల తిరుగుతున్నవాడికి గొళ్ళెం కనపడదు కదా" అన్నారు రైమో గారు. ఆ మాటకే నాకు ఆ జాతి మీద గౌరవం కలిగింది.

బట్టల దగ్గర కాసేపు నవ్వుకున్నాం. ఆయన పుట్టినప్పుడు ఎలా ఉన్నారో అలాగే నిలబడ్డారు. బావ గళ్ళ లుంగీ తీశాడు. రైమో గారు దాన్ని వేళ్ళతో పట్టి చూసి, నూలుదేనా అని అడిగి, నూలుదైతే ఇబ్బంది లేదన్నారు. బావ మెడలో సిలువ గొలుసు మాత్రం తీయించారు. లోహం వేడెక్కితే చర్మం కాలుతుందట. ముందు గోరువెచ్చని నీళ్ళతో ఒళ్ళు కడుక్కోవాలి. మందు తాగినవాడికి లోపలికి ప్రవేశం లేదు.

ఆఖరున, తలుపు మీద చెయ్యేసి, ఆయన అడిగారు. "విజయ్, చివరిసారి ఎప్పుడు తిన్నావు? నీళ్ళు తాగావా?"

"సుష్టుగా తిన్నాను. దారంతా తాగుతూనే ఉన్నాను" అన్నాడు బావ.

రైమో గారు నా వైపు చూశారు. అడుగుతున్నట్టే చూశారు.

"అవునండీ" అన్నాను నేను.

పై మెట్టు

లోపల ఎనభై డిగ్రీలు. రెంటచింతల ఎండలో నిలబడ్డవాణ్ణి నేను, ఇది ఆ జాతి వేడి కాదు. మీద పడి కొట్టదు, చుట్టూ చేరి కూర్చుంటుంది. దేవదారు చెక్క వాసన, కట్టెల చిటపటలు. రైమో గారు నీళ్ళలో నానిన బర్చ్ చెట్టు కొమ్మల కట్టతో భుజాల మీద మెల్లగా తట్టుకుంటూ పై మెట్టు మీద కూర్చున్నారు. మమ్మల్ని కింది మెట్టు మీద కూర్చోమన్నారు. కొత్తవాళ్ళు కిందే మొదలుపెట్టాలి, వేడంతా పైకి చేరుతుంది.

ఆయన గరిటెతో రాళ్ళ మీద నీళ్ళు పోశారు. తాలింపు పడ్డట్టు చుయ్‌మంది. ఒక్క క్షణం తర్వాత ఆవిరి వచ్చి చెవుల్నీ మెడనీ పట్టుకుంది. దాన్ని వాళ్ళు లోయ్‌లు అంటారు. పోసే ముందు అందరినీ చూసి, సరేనా అని అడిగి పోస్తారు. నా కీళ్ళల్లో నాలుగేళ్ళుగా పేరుకున్నదేదో కరుగుతున్నట్టనిపించింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ హాయిలో నోరు ఊరుకోక బావని ఆటపట్టించాను.

"కిందే కూర్చోండి బావా. పై మెట్టు కుర్రాళ్ళకి. డెబ్బై తొమ్మిదేళ్ళ కుర్రాడు కూర్చున్నాడు చూశారా?"

మా ఇద్దరి మధ్యా ముప్పై ఏళ్ళుగా ఇదే వరస. బావ లుంగీ సర్దుకుని పై మెట్టు ఎక్కాడు.

ఆరేడు నిమిషాలు గడిచాయి. నేను బావ కాళ్ళకేసి చూశాను. నా ఒళ్ళూ రైమో గారి ఒళ్ళూ చెమటతో తడిసి మెరుస్తున్నాయి. బావ కాళ్ళు పొడిగా ఉన్నాయి. చెమట పట్టడానికి ఒంట్లో నీళ్ళుండాలి కదా. ఆ సంగతి నాకు తట్టేలోపే ఆయన "కొంచెం బయటికి" అంటూ లేచాడు. ఒక్కసారిగా లేచాడు. మోకాళ్ళు మడతపడి ముందుకి, పొయ్యి వైపు తూలాడు.

నేను ఎలా లేచానో తెలియదు. ఆయన నడుం పట్టుకున్నాను. లుంగీ నా చేతుల్లోకి వచ్చింది గానీ మనిషి కూడా వచ్చాడు. నా మోచెయ్యి రాళ్ళ అంచుకి తగిలి కాలింది. రైమో గారు వెనకనుంచి ఆయన్ని రెండు చంకల కింద పట్టుకుని, కాలితో తలుపు నెట్టారు. గొళ్ళెం లేని తలుపు తెరుచుకుంది.

నాలుగు వాక్యాలు

బయటి గదిలో నేల మీద పడుకోబెట్టాం. నేను మంచు తెచ్చి రుద్దుదామని తలుపు వైపు పరిగెత్తబోయాను.

"వద్దు" అన్నారు రైమో గారు. "గుండె మీద ఒకేసారి రెండు దెబ్బలా? నెమ్మదిగా చల్లారనీ." బావ మడమల కింద రెండు కట్టెలు పెట్టి కాళ్ళు ఎత్తారు. పల్చటి దుప్పటి కప్పారు. బావ ముఖం పాలిపోయి ఉంది. నాడి పట్టుకున్నాను, సన్నగా, వడివడిగా కొట్టుకుంటోంది. ఛాతీలో నొప్పా అని అడిగితే కాదన్నట్టు తల ఊపాడు.

రైమో గారు బావ తల ఎత్తి పట్టి గ్లాసు పెదాల దగ్గర పెట్టారు. బావ పెదాలు బిగించాడు.

"తాగు విజయ్."

బావ కళ్ళు నా వైపు తిరిగాయి. "టైమెంత?" అన్నాడు తెలుగులో.

"అయిదు కూడా కాలేదు."

"ఇంకో గంట" అన్నాడు.

రైమో గారికి ఏమీ అర్థం కాలేదు. నాకంతా అర్థమైంది. అక్క గరాజ్ ముందు నిలబడి చెప్పిన మాట చెవిలో మోగింది. కోపం వచ్చింది నాకు. ఆయన మీద, నా మీద, ఆ కూజా మీద కూడా.

"నాకు పొద్దుట్నించీ తెలుసు బావా. చేపల కొట్టు దగ్గరే తెలిసింది. అడగలేదు. ఇందాక ఈయన అడిగితే మీతో కలిసి నేనూ అబద్ధమాడాను. మీకేమైనా అయితే అక్కకి నా ముఖం ఎలా చూపించను? తాగండి."

"మొక్కుకున్నాను ప్రసాదూ. ప్రార్థన చేసి విరమించాలి. ఊరికే తాగేస్తే ఎలా?"

"అయితే చేయండి ప్రార్థన."

చేయబోయాడు. నాలుక పిడచకట్టి మాట రాలేదు. మళ్ళీ నా వైపే చూశాడు. ఆయన అడగలేదు. నాలుగేళ్ళుగా ఏదీ అడగనట్టే ఇప్పుడూ అడగలేదు. ఆ గదిలో తెలుగులో ప్రార్థన చేయగల నోరు ఇంకొకటే ఉంది.

నేను ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టాను. కళ్ళు మూసుకున్నానో లేదో గుర్తులేదు. "తండ్రీ, ఈయన పొద్దుట్నించీ నీ కోసం దాహంతో ఉన్నాడు. ఆ ఉపవాసం అందుకో. గంట ముందు తాగుతున్నందుకు ఈయన్ని క్షమించు, అడగనందుకు నన్ను క్షమించు. యేసు నామంలో, ఆమెన్."

నాలుగే వాక్యాలు. సునంద పోయిన రోజున హాస్పిటల్ వరండాలో సగంలో ఆపేసిన ప్రార్థన తర్వాత ఇదే.

"ఆమెన్" అన్నాడు బావ. రైమో గారు కూడా ఆమెన్ అన్నారు. తర్వాత బావ ఒక గ్లాసు, నెమ్మదిగా రెండో గ్లాసు తాగాడు. రైమో గారు గోరువెచ్చని బ్లూబెర్రీ రసం పట్టించారు. పావుగంటకి ముఖంలో రంగు తిరిగింది.

అయినా వదల్లేదు. రైమో గారి ఇంటి ఫోన్లోంచి, ఫోన్లో సలహా చెప్పే ప్రభుత్వ నర్సుకి ఫోన్ చేశాం. స్టెంట్ ఉన్న మనిషి కాబట్టి చూపించి తీరాలంది. ఊళ్ళో ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం. ఈసీజీ తీశారు, సెలైన్ ఎక్కించారు. గుండెకి ఏమీ కాలేదు, ఒంట్లో నీళ్ళు తగ్గి, మాత్రా వేడీ కలిసి బీపీ పడిపోయింది అన్నాడు డాక్టరు. రెండు రోజులు వేడికి దూరంగా ఉండమన్నాడు. రక్తం తీయడానికొచ్చిన అమ్మాయి "ఫాస్టింగా?" అని అడిగింది.

"ఇప్పుడు కాదమ్మా" అన్నాడు బావ.

ఆ అమ్మాయి వెళ్ళాక అడిగాను. ఇన్నాళ్ళూ అడగనిదే అడిగాను. "ఎందుకు పట్టారు బావా ఉపవాసం? అక్కకి మాటిచ్చి మరీ?"

ఆయన పైకప్పు కేసి చూశాడు. "ఈ ఏడు శుక్రవారాలన్నీ నీ పేరున పెట్టాను. నువ్వు ఒక్కసారి నోరు తెరిచి ఆయనతో మాట్లాడితే చాలనుకున్నాను. ఈస్టరు దాకా పడుతుందనుకున్నా" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. తర్వాత పార్కింగ్ లాట్‌లో కారు హీటరు వేసుకుని, పొగచేప చేతుల్తో వొలుచుకుని ఇద్దరం తిన్నాం. పద్దెనిమిది డాలర్లకి అంత రుచి నేనెక్కడా తినలేదు.

శనివారం: మళ్ళీ, సరిగ్గా

వాళ్ళకి శనివారం సౌనా రోజు. మన ఆదివారం తలంటు లాంటిది. నాకు వెళ్ళాలని లేదు. రైమో గారే లాక్కెళ్ళారు. "భయంతో వెళ్ళిపోతే నీకు సౌనా అంటే నిన్నటిదే గుర్తుంటుంది" అన్నారు.

సౌనాకి గంటన్నర ముందే మాకు కాల్చిన రొట్టె, సాల్మన్ చేపల చారు పెట్టారు. యాలకులు వేసిన తియ్యటి రొట్టె కూడా. ఎక్కడి ఫిన్లండ్, ఎక్కడి యాలకులు. బావ ఒక తుంపు నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. వెళ్ళే ముందు నా చేత రెండు గ్లాసుల నీళ్ళు తాగించి, "నిజంగా తాగావా?" అని గ్లాసు తలకిందులు చేసి చూశారు రైమో గారు. ఇక మమ్మల్ని మాట మీద నమ్మరు.

కింది మెట్టు మీద ఎనిమిది నిమిషాలు కూర్చుని బయటికి. కాసేపు వరండాలో చల్లారి, నీళ్ళు తాగి మళ్ళీ లోపలికి. ఎవరెంతసేపు కూర్చున్నారని ఎవరూ లెక్క చూడరు. ఒళ్ళు చాలనగానే లేస్తారు, అదీ నెమ్మదిగా, ముందు కాళ్ళు కిందికి దించి, ఒక నిమిషం ఆగి. ఇంత వేడితో ఇంత మర్యాదగా బతకడం నేనెక్కడా చూడలేదు.

రైమో గారు ఆ వేడిలో ఒక మాట చెప్పారు. భార్య పోయిన మొదటి ఏడాది ఆయన ఒక్కరే సౌనాకి వచ్చేవారట. ఒక శనివారం లేవాలనిపించక అలాగే కూర్చుండిపోయారు. ఎంతసేపో తెలియదు. పొగ ఇంకా వస్తోందేమిటని పక్క ఇంటాయన వచ్చి తలుపు తీశాడు. అప్పట్నించి ప్రతి శనివారం ఆయన వచ్చి పక్కన కూర్చుంటాడు. ఈ వారం మేమున్నాం కాబట్టి రాలేదట.

"ఒంటరిగా రాకూడదు. నేను అందరికీ మొదట ఇదే చెప్పాలి. ఎప్పుడూ ఆఖర్న చెప్తాను" అన్నారు. నేను గరిటె అందుకుని, సరేనా అని అడిగి, రాళ్ళ మీద నీళ్ళు పోశాను.

బావ బయటి గదిలో స్వెట్టర్ వేసుకుని కూర్చుని తలుపులోంచి ప్రశ్నలు వేస్తూనే ఉన్నాడు. "ఎలా ఉంది? నీళ్ళు తాగావా? పై మెట్టు ఎక్కావా?" ఒళ్ళు బాగా చల్లారాక, రైమో గారు పక్కనే నిలబడగా, సరస్సు మంచులో కోసిన గుంటలోకి నిచ్చెన పట్టుకుని దిగాను. మోకాళ్ళ దాకానే. "యేసయ్యా" అని కేకపెట్టాను.

"ఇది రెండో ప్రార్థన" అన్నాడు బావ ఒడ్డున నిలబడి.

తిరిగి మార్కమ్

దారంతా బావ సీసాలు ఖాళీ చేస్తూనే వచ్చాడు, అందువల్ల ప్రతి పెట్రోలు బంకు దగ్గరా ఆగాల్సి వచ్చింది. సూ సెయింట్ మేరీలో పద్మ గారు తిన్నరా అని అడిగితే "లేదమ్మా, ఆకలేస్తోంది" అన్నాను. ఆవిడ అంత సంతోషపడటం చూసి, ఈ మాట ఇన్నేళ్ళూ ఎందుకనలేదా అనుకున్నాను.

అక్కకి చెప్పొద్దన్నాడు బావ. చెప్పాను. గరాజ్ ముందే, సూట్‌కేసు దించకముందే చెప్పాను. మానేశానని బావ ఆడిన అబద్ధం, ఆయనతో కలిసి నేనాడిన అబద్ధం, అన్నీ. నా జేబులో కాగితం తీసి ఆవిడ చేతిలో పెట్టాను, నలగకుండా ఎలా ఇచ్చిందో అలాగే ఉంది. అక్క బావని తిట్టలేదు, నన్ను తిట్టింది, మోచేతికి మందు రాస్తూ తిట్టింది. ఆ తర్వాత ముగ్గురం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. బావ శుక్రవారాలు ఉపవాసం ఉండొచ్చు, డాక్టరు సరేనంటేనే. మధ్యాహ్నం పన్నెండింటి దాకా మాత్రమే. మంచినీళ్ళు తాగాలి. డాక్టరు ఒప్పుకున్నాడు.

విరమణ ప్రార్థన మాత్రం ప్రసాదే చేయాలన్నాడు బావ.

ఈస్టరు వెళ్ళిపోయింది. ఆయన ఫోను ఆగలేదు. శుక్రవారం పన్నెండింటికి లాబ్‌లో గ్లోవ్స్ తీసేసి, బ్రేక్ రూమ్ మూలన నిలబడి ఫోనెత్తుతాను. మొదట అడుగుతాను, "పొద్దున నీళ్ళు తాగారా?" తాగానంటాడు. నిజంగానా అని మళ్ళీ అడుగుతాను. తర్వాత నాకొచ్చిన ఆ నాలుగు వాక్యాలే చెప్తాను. నాకు భక్తి తిరిగొచ్చిందని చెప్పను, ఆదివారాలు నేనింకా కార్లోనే కూర్చుంటున్నాను. పోయిన శుక్రవారం మాత్రం ఆమెన్ అనబోయి ఆగి, సునంద పేరు చెప్పి ఇంకో వాక్యం కలిపాను. ఫోన్లో అవతల బావ నీళ్ళు తాగుతున్న చప్పుడు వినిపించింది.